ఏకతార – తంబుర
కోల్‌కతాలోని సాల్ట్ లేక్‌లో, ఐకతాన్ ప్రాంగణాన తూర్పు మండల సాంస్కృతిక కేంద్రం ఉన్నది. 1985లో ఏర్పడిన ఈ సంస్థ తూర్పు రాష్ట్రాల జానపద కళలకు నగర వేదిక. అక్కడ బావుల్ గానం వినే తెలుగువానికి బుర్రకథ స్ఫురించడం సహజం. తంత్రి మీటుతూ, పాడుతూ, అడుగు వేయడం రెండింటా ఉన్నదే.

పోలిక అంతవరకే. బావుల్ ఒక చేత ఏకతార మీటుతూ, మరొక చేత నడుమున వ్రేలాడే డుగ్గీని వాయిస్తాడు. దేహతత్త్వాన్ని మర్మభాషలో దాచి, అర్థాన్ని శ్రోతకే విడుస్తాడు. బుర్రకథకుడు భుజాన తంబురతో, వ్రేళ్లకు అందెలతో నడుమ నిలువగా, గుమ్మెటలు పట్టిన వంతలలో ఒకడు ప్రశ్నిస్తాడు, మరొకడు హాస్యమాడుతాడు. కథలో మర్మం మిగలదు. 1986లో పద్మశ్రీ పొందిన షేక్ నాజర్ ప్రజ్ఞ ఈ సంభాషణలోనే ఉన్నది.

నగర వేదికపై నష్టం ఎవరికి ఎక్కువ? బహుశా బావుల్‌కే. శ్రోత అడుగవలసిన ప్రశ్నను వంత తనతోనే తెచ్చుకొంటాడు. ఆఖడాలో తోటి సాధకుడు పాడే జవాబు పాట మాత్రం, దీపాలు ఆర్పిన ప్రేక్షకాగారం నుండి రాదు.