కొలబద్దను కొలిచేదెలా?

పిల్లలూ! మీ ఎడమ భుజం మీద చిన్న మచ్చ ఉందేమో చూసుకోండి. పుట్టినప్పుడు వేసిన బి.సి.జి. టీకా గుర్తు అది. పసిపిల్లలను క్షయ నుంచి కాపాడే ఆ టీకాయే క్షయ పరీక్షకు ఒక చిక్కు తెచ్చిపెట్టింది.

క్షయ సూక్ష్మజీవి ఒంట్లో చేరినా చాలామందికి జబ్బు రాదు. అది ఏళ్ళ తరబడి అణగి ఉండి, శరీరం బలహీనపడినప్పుడు విజృంభించవచ్చు. ఇలా దాగిన క్రిమి జాడ తెలుసుకోవడానికి మాంటూ పరీక్ష ఉంది. ట్యుబర్కులిన్ అనే ద్రవాన్ని ముంజేతి చర్మంలోకి సన్నని సూదితో ఎక్కిస్తారు. ఆ క్రిమిని ఇదివరకే ఎరిగిన తెల్ల రక్తకణాలు అక్కడికి చేరుకుంటాయి. 2, 3 రోజుల్లో ఆ చోటు గట్టిపడి ఉబ్బుతుంది. గట్టిపడిన భాగం అడ్డుకొలతను మిల్లీమీటర్లలో కొలుస్తారు.

అయితే ట్యుబర్కులిన్‌లో ఎన్నో ప్రోటీన్లున్నాయి. వాటిలో కొన్ని టీకాలోని క్రిమికీ ఉన్నాయి. అందుచేత క్షయ సోకకపోయినా, టీకా వేసుకున్నవారికి ఉబ్బు రావచ్చు.

డెన్మార్కు శాస్త్రజ్ఞులు దీనికి ఉపాయం ఆలోచించారు. ఈశాట్-6, సి.ఎఫ్.పి.-10 అనే ప్రోటీన్ల జన్యువులు క్షయ క్రిమిలో ఉన్నాయి, బి.సి.జి. క్రిమిలో లేవు. ఈ రెండు ప్రోటీన్లతోనే సి-టిబి అనే పరీక్షను రూపొందించారు. ఇందులో ఉబ్బు 5 మిల్లీమీటర్లు, లేదా అంతకు మించితే క్షయ సోకినట్లు.

మరి ఇది సరైనదని తెలిసేదెలా? దాగి ఉన్న క్షయను తప్పులేకుండా చూపే పరీక్ష మరొకటి లేదు. నమ్మదగిన కొలబద్ద లేనప్పుడు కొత్త కొలబద్దను దేనితో సరిచూస్తాం?

స్పెయిన్‌లో జరిగిన పరిశోధన ఒక దారి చూపింది. రోగితో ఎంత దగ్గరగా మెలిగితే, క్షయ సోకే అవకాశం అంత ఎక్కువ కదా! అందుకే మనుషులను జట్లుగా తీసుకున్నారు. ఒక చేతికి కొత్త మందు, రెండో చేతికి పాత మందు ఇచ్చారు. ఏ చేతికి ఏది ఇచ్చారో సూది వేయించుకున్నవారికీ తెలియదు, ఉబ్బు కొలిచినవారికీ తెలియదు. తెలిస్తే, "కొత్తదే మంచిది" అనే నమ్మకం కొలతను తప్పుదారి పట్టించవచ్చు.

2017లో ఫలితాలు వెలువడ్డాయి. కొత్త పరీక్షలో, రోగులతో సంబంధం లేనివారిలో నూటికి 3, అప్పుడప్పుడు కలిసినవారిలో 16, సన్నిహితంగా మెలిగినవారిలో 43 మందికి ఉబ్బు వచ్చింది. అనుకున్నట్లే అంకెలు మెట్లు మెట్లుగా పెరిగాయి. ఇలాంటి పరీక్షలను ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో ఆమోదించింది.

ఒక్కమాట మరువకండి. ఉబ్బు వస్తే క్రిమి సోకిందని మాత్రమే అర్థం. జబ్బు ఉన్నదీ లేనిదీ కళ్ళె పరీక్ష, ఎక్స్‌రే వంటివి తేల్చాలి.

ఇక మీకో ప్రశ్న: మూడు జట్లలోనూ నూటికి 43 మందికే ఉబ్బు వచ్చి ఉంటే, ఆ పరీక్షను మీరు నమ్ముతారా? ఎందుకు?