ఏటవాలు నేలలో కఱ్ఱ కంచె: అడ్డకఱ్ఱల అతుకు

ఘంటసాల మండలము శ్రీకాకుళము వద్ద కరకట్ట దాటి కృష్ణవైపు దిగు చేలకు కంచె వేయునప్పుడు, రాటలను గుండు కట్టిన దారముతో సరిచూచి నిలువుగా పాతవలెను. వాలవలసినవి అడ్డకఱ్ఱలే. కరకట్టలో మాత్రము గుంటలు తీయరాదు. వరదకు కట్టయే బలహీనమగును.

రాటకు గాడిని మూలమట్టముతో అడ్డముగా కొట్టినచో వాలు కఱ్ఱ ఒక మూలమీదనే ఆనును. సందున నీరు నిలిచి కఱ్ఱ కుళ్ళును. తొందరలో పనివారు చేయునది ఇదే. అడ్డకఱ్ఱను రెండు రాటలకు ఆనించి, పై అంచు, క్రింది అంచు వెంట గీతలు గీసి, ఆ వాలుననే కోయవలెను. గాడి లోతు రాట మందములో మూడవ వంతు మించరాదు.

మట్టముగా 8 అడుగుల ఎడములో నేల 2 అడుగులు దిగినచో అడ్డకఱ్ఱ 8 అడుగుల 3 అంగుళములు పట్టును; అతుకునకు అదనముగా ఉంచుకొనుడు. మేకు కొట్టుటకు ముందు బరమాతో బెజ్జము వేసినచో చివర చీలదు.