పేరు దొరికిన నత్త

అక్షరాలు నేర్చుకొన్న కొత్తలో మనం ముందుగా ఏం రాశాం? మన పేరు. వేలిముద్ర వేసే చోట మొదటిసారి సంతకం చేసిన రోజును ఎవరూ మరచిపోరు. ఓటర్ల జాబితాలో పేరు ఉంటేనే ఓటు. రేషన్ కార్డులో పేరు ఉంటేనే బియ్యం. మనిషి ఎదురుగా నిలబడి ఉన్నా సరే, కాగితం మీద పేరు లేకపోతే లెక్కలోకి రాడు.

జంతువులకూ, పురుగులకూ, నత్తలకూ ఇదే సంగతి. ఈ పాఠం ఒక చిన్న నత్త గురించి. అది హిందూ మహాసముద్రం అడుగున ఉంటుంది. దాన్ని మనుషులు మొదట చూసింది 2001లో. దానికి సరైన పేరు వచ్చింది 2015లో. మధ్యలో పధ్నాలుగు ఏళ్లు గడిచాయి. ఇంత కాలం ఎందుకు పట్టింది? పేరు వచ్చాక ఆ నత్తకు ఏం మేలు జరిగింది? చదువుదాం.

సముద్రం అడుగున వేడి ఊటలు

సముద్రం లోతుకు పోయేకొద్దీ వెలుతురు తగ్గుతుంది. ఒక కిలోమీటరు దాటితే ఎండ పొడ అసలు ఉండదు. ఎప్పుడూ అమావాస్య రాత్రే. నీళ్లు మంచులా చల్లగా ఉంటాయి. ఈ నత్త ఉండే చోటు ఇంకా లోతు. మొదట దాన్ని చూసిన చోట లోతు సుమారు 2,400 మీటర్లు. చార్మినార్ ఎత్తు 56 మీటర్లు. అలాంటివి 43 ఒకదానిపై ఒకటి పెడితే అంత లోతు అవుతుంది.

అంత నీరు పైన ఉంటే బరువు ఎంత? బొటనవేలి గోరంత చోటు మీద సుమారు 240 కిలోల బరువు పడుతుంది. అంటే మూడు వడ్ల బస్తాల పైమాటే. మామూలుగా ఈదేవాళ్లు అక్కడికి పోలేరు. గట్టి ఉక్కు గోళంలో కూర్చొని పోవాలి. లేదా మనిషి లేని యంత్రాన్ని తాడు కట్టి దింపాలి.

ఆ చీకట్లో కొన్నిచోట్ల నేల పగిలి ఉంటుంది. సముద్రపు నీరు ఆ పగుళ్లలోకి దిగుతుంది. లోపల రాయి బాగా కాగి ఉంటుంది. నీరు అక్కడ వేడెక్కి, రాతిలోని ఇనుము, రాగి, గంధకం వంటివాటిని కరిగించుకొని మళ్లీ పైకి చిమ్ముతుంది. ఆ నీటి వేడి 350 డిగ్రీలు దాటవచ్చు. మన పొయ్యి మీద నీళ్లు 100 డిగ్రీలకే మరుగుతాయి. అక్కడ పైన ఉన్న నీటి బరువు వల్ల అంత వేడిలోనూ మరగవు. వేడినీరు చన్నీటిని తాకగానే కరిగిన లోహాలు నల్లటి పొడిగా విడిపోతాయి. చూడ్డానికి పొగలా కనిపిస్తుంది. ఆ పొడి పేరుకొని ఇటుకబట్టీ గొట్టాల్లా నిలబడుతుంది. వీటిని వేడి ఊటలు అంటారు. ఇలాంటి వేడి ఊటల దగ్గర జీవులు గుంపులుగా ఉన్నట్టు మనుషులకు మొదట తెలిసింది 1977లో. అది పసిఫిక్ మహాసముద్రంలో, గలపాగోస్ దీవుల దగ్గర.

ఇనుప పొలుసుల నత్త

2001లో అమెరికా శాస్త్రజ్ఞులు ఓడలో హిందూ మహాసముద్రానికి వచ్చారు. కైరేయ్ అనే వేడి ఊటల దగ్గర యంత్రాన్ని దింపారు. అది పైకి తెచ్చిన జీవుల్లో ఒక నత్త ఉంది. గుల్ల మూడు, నాలుగు సెంటీమీటర్లు ఉంటుంది. అరచేతిలో పడుతుంది. కాని అలాంటి నత్తను అంతకుముందు ఎవరూ చూడలేదు.

నత్త నేల మీద పాకే మెత్తటి భాగాన్ని దాని కాలు అంటారు. మన పొలం గట్టున కనిపించే నత్త కాలు మెత్తగా, జిగటగా ఉంటుంది. ఈ నత్త కాలికి పక్కలంతా పొలుసులు ఉన్నాయి. పెంకుటింటి మీద పెంకుల్లా ఒకదానిపై ఒకటి పేర్చినట్టున్నాయి. ఆ పొలుసుల మీద నల్లటి పూత ఉంది. అది ఇనుము, గంధకం కలిసిన పదార్థం. అయస్కాంతం దగ్గర పెడితే ఆకర్షిస్తుంది. గుల్ల పైపొర కూడా అదే. గుల్లకు మూడు పొరలు. పైన ఇనుము పొర. నడుమ మెత్తటి మందపాటి పొర. లోపల మామూలు నత్తగుల్లలో ఉండే సున్నపు పొర. ఇనుమును ఇలా ఒంటి కవచంలో వాడుకొనే జంతువు మరొకటి ఇంతవరకు కనపడలేదు.

తిండి ఎక్కడిది?

ఆ చీకట్లో గడ్డి మొలవదు, ఆకు ఉండదు. మరి నత్త ఏం తింటుంది?

వేరుశనగ మొక్కను పీకి చూడండి. వేళ్లకు చిన్న బుడిపెలు కనిపిస్తాయి. వాటిలో కంటికి కనపడని సూక్ష్మజీవులు ఉంటాయి. అవి గాలిలోని నత్రజనిని మొక్కకు ఎరువుగా మార్చి ఇస్తాయి. మొక్క వాటికి చోటు ఇస్తుంది, తిండి పెడుతుంది. ఇద్దరికీ లాభం.

ఈ నత్తా అలాంటి ఏర్పాటే చేసుకొంది. దాని గొంతు దిగువన సంచిలాంటి పెద్ద గ్రంథి ఉంది. దాని నిండా సూక్ష్మజీవులు. వేడి ఊట నీటిలో కుళ్లిన గుడ్డు వాసన వచ్చే గంధకపు వాయువు ఉంటుంది. మనకు అది విషం. ఆ సూక్ష్మజీవులకు అదే శక్తి. దానితో అవి ఆహారం తయారు చేస్తాయి. నత్త దాని మీదే బతుకుతుంది. వాటికి ప్రాణవాయువు అందించాలి కదా! అందుకని నత్త గుండె చాలా పెద్దది. దాని ఒంటిలో నూటికి నాలుగు వంతులు గుండే.

ఊట ఆగితే గంధకం ఉండదు. గంధకం లేకపోతే సూక్ష్మజీవులు బతకవు. అవి లేకపోతే నత్త లేదు. కాబట్టి ఇది ఊటల దగ్గర తప్ప వేరేచోట బతకలేదు. ఈ మాట గుర్తు పెట్టుకోండి. ముందు ముందు అవసరం వస్తుంది.

పేరు పెట్టడం ఎలా?

నత్త దొరికింది. "పొలుసుల కాలి నత్త" అని అందరూ పిలవసాగారు. 2003లో దాని ఇనుప పొలుసుల గురించి వ్యాసం కూడా అచ్చయింది. అయినా అది పిలుపు పేరే. ఇంట్లో పాపను చిట్టి అని పిలుస్తాం. బడి రిజిస్టరులో మాత్రం అసలు పేరు ఉండాలి. జీవులకు కూడా అలాంటి పద్ధతి ఉంది. స్వీడన్ దేశపు కార్ల్ లినేయస్ 1758లో అచ్చువేసిన పుస్తకం నుంచి జంతువుల పేర్లను లెక్కలోకి తీసుకొంటారు.

కొత్త జీవికి పేరు పెట్టాలంటే ఈ పనులు చేయాలి.

ఒకటి. పోల్చి చూడాలి. ఇంతకుముందు పేరు పెట్టిన నత్తల్లో ఇలాంటిది ఉందా అని వెతకాలి. ఉంటే ఇది కొత్తది కాదు.

రెండు. కొలవాలి. గుల్ల పొడవెంత, వెడల్పెంత, చుట్లు ఎన్ని అని రాయాలి. ఫోటోలు తీయాలి, బొమ్మలు వేయాలి.

మూడు. లోపల చూడాలి. నత్త నాలుక మీద వరసలు వరసలుగా చిన్న పళ్లు ఉంటాయి. వాటిని సూక్ష్మదర్శినితో చూడాలి. ఒక జాతి పళ్లకూ మరో జాతి పళ్లకూ తేడా ఉంటుంది. గుండె, పేగు ఎలా ఉన్నాయో కూడా చూడాలి.

నాలుగు. వంశం చూడాలి. ప్రతి జీవి ఒంట్లో దాని వంశాన్ని చెప్పే పదార్థం ఉంటుంది. దాన్ని డి.ఎన్.ఏ. అంటారు. ఏ నత్తకు ఏ నత్త దగ్గర చుట్టమో అది చెబుతుంది.

అయిదు. ఒక నత్తను నమూనాగా మ్యూజియంలో దాచాలి. తూకపు రాళ్లు సరిగా ఉన్నాయో లేదో ముద్ర వేసిన అసలు రాయితో సరిచూస్తారు కదా! ఇదీ అంతే. రేపు ఎవరికి అనుమానం వచ్చినా ఆ నమూనాతో పోల్చుకోవచ్చు.

ఆరు. ఇదంతా రాసి, పేరు పెట్టి, అందరూ చదివేలా అచ్చు వేయాలి.

పేరులో రెండు మాటలు ఉంటాయి. మొదటి మాట ఇంటిపేరు లాంటిది. రెండోది సొంత పేరు. మనమూ ఇంటిపేరే ముందు రాసుకొంటాం కదా!

నల్ల నత్త, తెల్ల నత్త

ఈ నత్త విషయంలో ఒక చిక్కు వచ్చింది. 2009లో జపాన్ శాస్త్రజ్ఞులు మారిషస్ దేశపు సముద్రంలో సొలిటేర్ అనే వేడి ఊటల దగ్గర ఇలాంటి నత్తలనే చూశారు. కాని అవి తెల్లగా ఉన్నాయి. పొలుసుల మీద ఇనుప పూత లేదు. 2011లో బ్రిటన్ ఓడ మరింత నైరుతి దిక్కుకు పోయింది. అక్కడ లోంగ్‌చీ అనే ఊటల దగ్గర ఇనుప పూత ఉన్న నత్తలే దొరికాయి.

ఇవన్నీ ఒకే జాతా? వేరు వేరా? పైపై రంగు చూసి చెబితే పొరపాటు జరుగుతుంది. ఒకే మందలో తెల్లావు ఉంటుంది, నల్లావు ఉంటుంది. రెండూ ఆవులే. అందుకని లోపలి భాగాలనూ డి.ఎన్.ఏ.నూ చూశారు. మూడు చోట్ల నత్తలూ ఒకే జాతి అని తేలింది. సొలిటేర్ ఊట నీటిలో ఇనుము చాలా తక్కువ. అందుకే అక్కడి నత్తలకు ఇనుప పూత లేదు.

చివరికి 2015లో చాంగ్ చెన్ అనే యువ శాస్త్రజ్ఞుడు మరో ముగ్గురితో కలిసి పూర్తి వర్ణన అచ్చువేశారు. నత్తకు క్రైసోమాలన్ స్క్వామిఫెరం అని పేరు పెట్టారు. పలకడం కష్టమే. నిదానంగా కూడబలుక్కొని చదవండి. మొదటి మాట గ్రీకు భాషది. బంగారు జుట్టు గలది అని అర్థం. రెండోది లాటిన్ భాషది. పొలుసులు గలది అని అర్థం.

పేరు వచ్చాక ఏమైంది?

వేడి ఊటల దగ్గర పేరుకొన్న రాళ్లలో రాగి, జింకు, వెండి, బంగారం ఉంటాయి. కరెంటు తీగలకు రాగి కావాలి. అందుకని చాలా దేశాల చూపు అక్కడ పడింది. ఏ దేశానికీ చెందని సముద్రపు నేలను అంతర్జాతీయ సముద్రతల సంస్థ చూస్తుంది. దాని కార్యాలయం జమైకా దేశంలో ఉంది. ఖనిజాలు ఎక్కడున్నాయో వెతకడానికి అది దేశాలతో ఒప్పందాలు చేసుకొంటుంది. కైరేయ్, లోంగ్‌చీ రెండూ అలా ఒప్పందం జరిగిన ప్రాంతాల్లోనే ఉన్నాయి. మన దేశం కూడా 2016లో హిందూ మహాసముద్రంలో 10,000 చదరపు కిలోమీటర్లలో వెతకడానికి 15 ఏళ్ల ఒప్పందం చేసుకొంది. ఇవి వెతకడానికే. 2025 వరకు ఆ సంస్థ వ్యాపారం కోసం తవ్వుకోవడానికి ఎవరికీ అనుమతి ఇవ్వలేదు.

తవ్వకం మొదలైతే నత్త గతి ఏమిటి? అది ఊట వదిలి బతకలేదని ఇందాక చదివాం. 2019 నాటికి తెలిసిన మూడు చోట్లా కలిపి ఆ నత్తలు ఉండే నేల 0.02 చదరపు కిలోమీటర్లు. అంటే సుమారు అయిదు ఎకరాలు. ఒక చిన్న రైతు కమతమంత! ఆ తరువాత మరికొన్ని ఊటల దగ్గర కూడా ఈ నత్తలు కనిపించాయి. అయినా ఉన్న చోటు కొంచెమే.

ప్రపంచంలో అంతరించిపోయే ప్రమాదం ఉన్న జీవుల పేర్లతో ఒక జాబితా ఉంది. దాన్ని ఎర్ర జాబితా అంటారు. 2019లో ఈ నత్త పేరు ఆ జాబితాకు ఎక్కింది. సముద్రం అడుగున తవ్వకాల వల్ల ముప్పు ఉందని ఆ జాబితాలో చేరిన మొట్టమొదటి జీవి ఇదే. పేరూ వర్ణనా అచ్చు కాకుండా ఉంటే, ఏ జీవి గురించి మాట్లాడుతున్నారో తేల్చి చెప్పడమే కష్టమయ్యేది.

ఒక్క నత్తతో ఆ పని ఆగలేదు. 2021 నాటికి వేడి ఊటల దగ్గర మాత్రమే బతికే 184 రకాల నత్తలనూ, ఆల్చిప్పల వంటివాటినీ పరిశీలించారు. వాటిలో 114 రకాలకు ముప్పు ఉందని తేలింది. ఇలాంటి నత్తల్లో కొన్ని నువ్వుగింజంతే ఉంటాయి.

ఎర్ర జాబితా చట్టం కాదు. అందులో పేరున్నంత మాత్రాన తవ్వకం ఆగదు. మనకు రాగీ కావాలి, కరెంటూ కావాలి. ఆ మాటా నిజమే. అయితే తవ్వాలా వద్దా, తవ్వితే ఎక్కడ తవ్వాలి అని పెద్దలు కూర్చొని మాట్లాడేటప్పుడు, ఈ నత్త ఊసు ఎత్తక తప్పదు. నోరులేని జీవి తరఫున దాని పేరు అక్కడ ఉంటుంది.

సముద్రం అడుగున ఇంకా పేరు పెట్టని జీవులు ఎన్నో ఉన్నాయి. ఓపికగా చూసి, కొలిచి, రాసేవాళ్లు కావాలి. చదువు వచ్చినవాళ్లే ఆ పని చేయగలరు. మన పిల్లల్లో కూడా అలాంటివాళ్లు రావచ్చు.

కొత్త మాటలు

వేడి ఊట – సముద్రం అడుగున వేడినీరు చిమ్మే చోటు
పొలుసు – చేప ఒంటి మీద ఉండేలాంటి గట్టి రేకు
నమూనా – పోల్చి చూడటానికి దాచిపెట్టే అసలు వస్తువు
వర్ణన – చూసినదాన్ని వివరంగా రాయడం
ముప్పు – ఆపద

ఆలోచించండి, మాట్లాడుకోండి

1. ఈ నత్త వేడి ఊటల దగ్గర మాత్రమే ఎందుకు బతుకుతుంది?
2. నల్ల నత్త, తెల్ల నత్త ఒకే జాతి అని ఎలా తెలిసింది?
3. మీ పేరు ఏయే కాగితాల్లో ఉంది? ఒకదానిలో లేకపోతే మీకు ఏం నష్టం?
4. రాగి కావాలి, నత్తా బతకాలి. మీరైతే ఏం చెబుతారు?

చేసి చూడండి

వాన పడ్డాక చెరువు దగ్గర ఒక నత్తనూ, పెరట్లో ఒక నత్తనూ చూడండి. గుల్ల ఎంత పొడవుంది? చుట్లు ఎన్ని? ఏ రంగు? గుల్ల నోటికి మూత ఉందా, లేదా? రెండింటికీ తేడాలు అయిదు వాక్యాల్లో రాయండి. చూశాక నత్తలను వాటి చోట వదిలేసి, చేతులు సబ్బుతో కడుక్కోండి. రాసింది పక్కవాళ్లకు చదివి వినిపించండి. విన్నవాళ్లు ఆ నత్తలను గుర్తుపట్టగలిగితే మీ వర్ణన బాగున్నట్టే.