గుమ్మం ముందు దారి - పొరుగువారి హక్కు

ములుగులోని ఓ ఇరుకు సందులో ఒక సోదరి తన ఇంట్లోనే పసిపిల్లల సంరక్షణ కేంద్రం పెట్టడానికి అనుమతి కోరిందనుకోండి. పొద్దున్నే ఆటోలు, బైకులు తమ గుమ్మానికి అడ్డంగా నిలుస్తాయని ఎదురింటివారి భయం. ఆఫీసు అనుమతి ఇచ్చేస్తే ఆ హక్కు తీరిపోతుందా? తీరదు.

దివ్యఖుర్‌ఆన్ (4:36) దగ్గరి పొరుగువారి పట్లా, దూరపు పొరుగువారి పట్లా సద్వర్తనను ఆదేశించింది. ఎవరి కీడు నుండి పొరుగువాడు నిశ్చింతగా ఉండలేడో అతను విశ్వాసి కాడని దైవప్రవక్త (స) మూడుసార్లు ప్రమాణం చేసి హెచ్చరించారు (బుఖారీ).

అయితే ఫిర్యాదు చేసేవారూ కాస్త ఆలోచించాలి. పొరుగువాడు మన గోడలో దూలం మోపుకుంటానంటే అడ్డుచెప్పవద్దన్నదీ ఆయన (స) బోధనే (బుఖారీ, ముస్లిం). గోడనే ఇవ్వమన్నప్పుడు, కూలికీ నౌకరీకీ వెళ్ళే తల్లుల బిడ్డలకు నీడనిచ్చే పనిని పూర్తిగా ఆపించాలా? బండ్లు సందు మొదట్లోనే ఆపి, పిల్లల్ని ఎత్తుకొని నాలుగడుగులు నడిస్తే చాలు. ఆ మాట తల్లిదండ్రులకు చెప్పవలసింది మాత్రం ఎదురింటివారు కాదు, కేంద్రం నడిపే ఆ సోదరే. అదీ మొదటి రోజునే.