తోటలోని పనికొట్టునకు వానరక్షణ

మాధాపురమున 1998వ సంవత్సరమున సైబర్ టవర్సు వెలసినది మొదలు ఆ చుట్టుపట్ల అద్దపు మేడలు పెక్కులు లేచినవి. అవి కనబడు దూరముననే మా పాఠశాల తోటలో వడ్రంగము నేర్పు పనికొట్టు పలకల గోడలతో నున్నది. కడచిన వానకాలమున దాని పడమటి గోడ చెడి, రంపములకును ఉలులకును త్రుప్పు పట్టెను. తప్పు మాదే. వానలకు ముందు పలకల సందులన్నియు లప్పముతో పూడ్చి, పైన దట్టముగా రంగు పూసి, ఇక భయము లేదనుకొంటిమి.

మే నెలలో ఇచ్చటి యెండ 40 డిగ్రీలు దాటును. అప్పుడు పలకలు ఎండి కుదించుకొనును. వానలలో మరల ఉబ్బును. ఈ కదలికకు లప్పము పగిలినది. జూను మొదలు సెప్టెంబరు వరకు గాలి పడమటినుండి విసరుటచే జల్లు ఆ గోడనే కొట్టును. పగుళ్లలో దూరిన నీటికి రంగు అడ్డమై వెలికి దారి లేకపోయెను. ఉలితో పొడిచి చూడగా చెక్క బెండువలె నుండెను. చెక్కలోని తేమ దాని పొడి బరువులో నూటికి 20 పాళ్లకు లోబడియున్నంతవరకు శిలీంధ్రములు దానిని కుళ్లింపజాలవు. కావున నీరు చొరకుండ చేయుట సగము పని. చొచ్చిన నీరు వెడలి చెక్క ఆరునట్లు చేయుట తక్కిన సగము. ఈ రెండవ సగమును మేము మరచితిమి.

మరమ్మతు గోడ పాదమునుండి ఆరంభించితిమి. పలకలను నేలకు జానెడు ఎత్తున ముగించి, క్రింద గ్రానైటు రాళ్లు పేర్చితిమి. నేలబడి చిందు నీరు చెక్క నంటదు. చెదలు మట్టిగూడు కట్టుకొనియే పైకెక్కును గనుక, రాతిపై ఆ దారి వెంటనే కంటబడును. నార్వేలో బోర్గుండు గ్రామపు కొయ్య దేవాలయము 1180 ప్రాంతమున కట్టినది నేటికిని నిలిచియున్నది. అంతకు పూర్వపు దేవాలయముల స్తంభములు నేలలో పాతుటచే కుళ్లిపోయినవి; దీని కొయ్య రాతిపై నిలిచినది. దానికి దేవదారుజాతి చెట్ల తారు పూయుట అచ్చటి యాచారము.

పిమ్మట స్తంభములకు అంగుళపు మందముగల నిలువు బద్దెలు కొట్టి, వానిపై పలకలను అడ్డముగా, పైదాని యంచు క్రిందిదానిని అంగుళమునకు మించి కప్పునట్లు అమర్చితిమి. వెనుక సందున గాలి క్రిందనుండి పైకి ఆడును. పురుగులు చేరకుండ రెండు చివరల జాలీ గలదు. ఒక మేకు రెండు పలకలను కలిపి పట్టరాదు. పట్టినచో పలక కుదించుకొనునపుడు చీలును. అద్దపు మేడల చట్రములయందును చొచ్చిన నీరు పోవుటకు రహస్యపు కాలువలు, చిల్లులు ఉంచుదురని చెప్పినపుడు మా బాలురు నమ్మలేదు!

పలక కొసలు నీటిని మిక్కిలి పీల్చును గనుక, వానికి అవిసెనూనె రెండుమూడు మారులు పట్టించితిమి. ఇచ్చట ఒక హెచ్చరిక. ఈ నూనె అంటిన గుడ్డలను ముద్దచేసి మూల పడవేయరాదు. అవి తమంతతామే వేడెక్కి మండగలవు. విప్పి ఆరుబయట ఆరవేయవలెను, లేదా నీటిలో ముంచవలెను. చూరును రెండడుగులు ముందునకు సాచుట అన్నిటికంటె చవుకైన రక్షణ. మొదటనే చేసియుండిన యెడల ఇంత నష్టము కలుగకపోవును.

గోడ ముగిసిన నాడు బాలబాలికలు గొట్టముతో గడియసేపు నీరు చిమ్మిరి. లోపలి ప్రక్క చేయిపెట్టి చూడగా పొడిగా నుండెను. దక్షిణపు గోడకు పాత రంగు ఇంకను గలదు. వేసవి సెలవులకు ముందే దానిని గీకవలసియున్నది.