గ్రామసభకు వారం ముందే మీ పని

కమ్యూనిటీ రేడియోలో చేరిన కొత్తలో చాలామందిమి ఒకే పొరపాటు చేస్తాం. గ్రామసభ రోజున రికార్డర్ పట్టుకుని వెళ్లి, సర్పంచ్ ప్రసంగం, కార్యదర్శి చదివిన తీర్మానాలు ఎక్కించుకుని సాయంత్రం వేసేస్తాం. నెలవారీ ఎపిసోడ్ల లెక్కకు ఒకటి కలుస్తుంది. వినేవాళ్లుండరు. అయిపోయిన సభ గురించి విని ఎవరైనా ఏం చేస్తారు?

సభకు వారం ముందే కదలండి. తెలంగాణలో 2018 పంచాయతీరాజ్ చట్టం ప్రకారం రెండు నెలలకోసారి గ్రామసభ జరగాలి. కార్యదర్శిని తేదీ, ఎజెండా అడగండి. "ఇంకా తయారు కాలేదు" అంటే మర్నాడు మళ్లీ వెళ్లండి. ఈలోగా వాడలన్నీ తిరిగి ప్రశ్నలు రికార్డ్ చేయండి. "మాకు నీళ్ల సమస్య ఉంది" అంటే అది గోడు. "మా ట్యాంకు మోటారు కాలిపోయి పదిహేను రోజులైంది, రిపేరు డబ్బు ఏ పద్దులోంచి ఇస్తారు?" అంటే ప్రశ్న. ఇలా అడిగించాలంటే మీకూ కొంత లెక్క తెలియాలి. 2021-26 కాలానికి 15వ ఆర్థిక సంఘం పంచాయతీ గ్రాంటులో 60 శాతం తాగునీరు, పారిశుద్ధ్యానికే పోవాలని షరతు పెట్టారు. ఈ ముక్క తెలిసినవాడు "ఫండ్స్ లేవు" అనగానే మైకు కట్టేసి వచ్చేయడు.

ఒక దెబ్బ తిన్న అనుభవం చెబుతాను. ఒక ఊళ్లో ఒకావిడ వీధి దీపాల బిల్లు గురించి గట్టిగా మాట్లాడింది. పేరు చెప్పకుండా వేశాం, జాగ్రత్తపడ్డామనుకున్నాం. తెల్లారేసరికి ఆవిడ ఇంటిముందు నలుగురు నిలబడ్డారు. ఊళ్లో పేరెందుకు, గొంతు చాలు. అప్పటినుంచి అలాంటి మాటను నలుగురైదుగురితో చెప్పించి కలిపి వేస్తున్నాం. లేదంటే యాంకరే చదువుతారు. వేసేముందు మాట్లాడినవాళ్లకు వినిపించి, సరేనంటేనే వేయండి.

జహీరాబాద్ దగ్గర మాచునూరులోని సంఘం రేడియోను దళిత మహిళలు నడుపుతున్నారు. 2008లో ప్రసారాలు మొదలయ్యాయి. లైసెన్సు రాకముందు చాలా ఏళ్లు వాళ్లు రికార్డు చేసినవాటిని సంఘం సమావేశాల్లోనే వినిపించుకునేవారు. నన్నడిగితే మనం నేర్చుకోవాల్సింది అక్కడే. కూర్చుని కలిసి వినే పదిమంది ఉంటే సభలో లేచి అడిగేవాళ్లు ఇద్దరైనా తేలతారు.

రూల్స్ విషయంలో ధైర్యం పనికిరాదు. రాజకీయ వార్తలు, రాజకీయ వ్యాఖ్యలు మనకు నిషిద్ధం. సర్పంచ్ ఎన్నికల్లో పార్టీ గుర్తులుండవు గానీ ఎవరు ఏ పార్టీయో ఊళ్లో చిన్నపిల్లాడికీ తెలుసు. కాబట్టి మనిషిని వదిలి పనినే అడగండి. ప్రసారమైన ప్రతిదీ మూడు నెలలు భద్రపరచాలి. రేపు ఎవరైనా "నేనలా అనలేదు" అంటే మీ ఉద్యోగాన్ని కాపాడేది ఆ ఫైలే.

అవతలి పక్షం జవాబు లేకుండా ఫిర్యాదు వేయకండి. కార్యదర్శి ఫోన్ ఎత్తకపోతే ఎన్నిసార్లు, ఏ టైముకు చేశారో రాసిపెట్టుకుని, ఆ సంగతే ప్రసారంలో చెప్పండి. ఎత్తితే "చూస్తాం" దగ్గర ఆగకుండా తేదీ రాబట్టండి. ఆ తేదీ పొద్దున్నే రికార్డర్ చార్జింగ్ చూసుకుని నేరుగా ట్యాంకు దగ్గరికి వెళ్లండి.