మీటరు 'బీప్' అంటే జాయింటు మంచిదేనా?

సిరుగుప్ప తాలూకాలో వరినాట్ల రోజుల్లో పంపుమోటారు కాలిపోతే ఆ కుటుంబానికి ఎంత నష్టమో తల్లిదండ్రులకు వేరే చెప్పనక్కరలేదు. మోటారు బాగానే ఉండి, స్టార్టరులో ఒక్క టెర్మినల్ స్క్రూ వదులైనందువల్ల కూడా ఇలా జరుగుతుంది. ఐ.టి.ఐ., డిప్లొమా విద్యార్థులు దీన్ని లెక్కతో సహా తెలుసుకోవాలి.

5 హెచ్.పి. త్రీఫేజు మోటారు పూర్తి లోడులో ఒక్కో ఫేజుకు సుమారు 7.5 ఆంపియర్లు తీసుకుంటుంది. జాయింటులో పుట్టే వేడి కరెంటు వర్గాన్ని నిరోధంతో గుణిస్తే వస్తుంది. బాగా బిగించిన లగ్గుకు 0.001 ఓమ్ నిరోధం ఉంటే వేడి 0.06 వాట్లు కూడా ఉండదు. తీగలు మెలిపెట్టి టేపు చుట్టిన జాయింటుకు 0.1 ఓమ్ ఉంటే 5.6 వాట్లు, అదీ గోరంత చోట! ఆ వేడికి లోహంపై ఆక్సైడు పొర పెరుగుతుంది, దానితో నిరోధం, మళ్ళీ వేడి. చివరికి ఆ ఫేజు తెగిపోతే మిగిలిన రెండు ఫేజుల్లో కరెంటు సుమారు 13 ఆంపియర్లకు చేరుతుంది. ఓవర్‌లోడ్ రిలే ఉంటే మోటారును ఆపుతుంది. రిలేను తీసేసి డైరెక్టుగా కలిపిన స్టార్టర్ల సంగతి మీకు తెలిసిందే.

మల్టీమీటరు బీప్ ఈ లోపాన్ని పట్టుకోలేదు. అది పంపేది అతి స్వల్ప కరెంటు. పైగా 0.1 ఓమ్ కంటే దాని వైర్ల నిరోధమే ఎక్కువ ఉండవచ్చు. లోడు కరెంటు పోతుండగా జాయింటు మీద ఎన్ని మిల్లీవోల్టులు పడుతున్నాయో కొలవడమే సరైన పరీక్ష.

415 వోల్టుల లైను మీద మాత్రం ఈ ప్రయోగం చేయరాదు. లాబ్‌లో లెక్చరర్ సమక్షంలో 12 వోల్టుల ట్రాక్టరు బ్యాటరీ, 10 ఆంపియర్ల ఫ్యూజు, 55 వాట్ల హెడ్‌లైటు బల్బు, పరీక్షించవలసిన జాయింటు సిరీస్‌లో కలపండి. సుమారు 4.5 ఆంపియర్లు ప్రవహిస్తాయి. జాయింటుకు రెండు వైపులా 9 మిల్లీవోల్టులు చూపితే నిరోధం 0.002 ఓమ్. 450 చూపితే 0.1 ఓమ్, ఆ జాయింటును విప్పి, తీగ శుభ్రం చేసి, లగ్గు వేయవలసిందే.

ఇక కరెంటు పరిమితి. మామూలు పి.వి.సి. వైరు 70 డిగ్రీల సెల్సియస్ వరకే తట్టుకుంటుంది. 25 డిగ్రీల గదిలో 20 ఆంపియర్లకు సరిగ్గా 70 డిగ్రీలు చేరే కనెక్టరును తీసుకోండి. అక్కడ 45 డిగ్రీల పెరుగుదలకు వీలుంది. మన ఎండాకాలంలో బయటే 40 డిగ్రీలుంటే మిగిలేది 30. వేడి కరెంటు వర్గాన్ని బట్టి ఉంటుంది కాబట్టి 20 × √(30÷45) = 16.3 ఆంపియర్లు. ఎండలో మూసి ఉన్న స్టార్టరు పెట్టెలో 50 డిగ్రీలుంటే ఎంతవుతుందో మీరే లెక్కించండి.